పాలమూరు పరిశోధనకు గ్రంథాలయ డేటాబేసుల దారి

కమ్యూనికేషన్ అధ్యయనం అనే శాస్త్రశాఖ పత్రికలు, రేడియో, టెలివిజన్, సినిమా, సామాజిక మాధ్యమాలతో పాటు ఎన్నికల ప్రచారాన్నీ, ఆరోగ్య సమాచారం ఊళ్లకు చేరే తీరునూ, ప్రజాభిప్రాయం రూపుదిద్దుకునే క్రమాన్నీ పరిశీలిస్తుంది కాబట్టి, ఆ శాఖకు పనికివచ్చే వ్యాసాలన్నీ ఒకే జర్నల్‌లోనో ఒకే అలమారాలోనో దొరకవు. తెలుగు పత్రికల పుట్టుపూర్వోత్తరాల మీద రాసిన వ్యాసం చరిత్ర జర్నల్‌లో ఉండవచ్చు, వలసకూలీల వార్తల మీద రాసినది ఆర్థికశాస్త్ర వారపత్రికలో ఉండవచ్చు, టీకాల ప్రచారం మీద రాసినది వైద్య జర్నల్‌లో ఉండవచ్చు. ఇలా చెల్లాచెదురుగా ఉన్న వ్యాసాల వివరాలను ఒకచోట చేర్చి, రచయిత పేరు, శీర్షిక, విషయం, సంవత్సరం వంటి ఆనవాళ్లతో వెతుక్కోవడానికి వీలుగా అమర్చిన ఎలక్ట్రానిక్ సూచికను గ్రంథాలయ డేటాబేసు అంటారు. పరిశోధనకు కూర్చున్న విద్యార్థి మొదట చేయవలసిన పని ఈ సూచికను అడిగే పద్ధతి నేర్చుకోవడం.

పాలమూరులోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల మీద పరిశోధన తలపెట్టినవారికి ఈ నేర్పు మరింత అవసరం. డేటాబేసు తెరిచి, సెర్చ్ బాక్సులో తమ జిల్లా పేరు కొట్టి, ఫలితాలు సున్నా అని తెరమీద కనిపించగానే ఈ విషయం మీద ఎవరూ ఏమీ రాయలేదని తేల్చివేయడం కొత్త పరిశోధకుల్లో తరచుగా కనిపించే అలవాటు. కానీ సున్నా అనే ఆ జవాబు పరిశోధన లేదనడానికి రుజువుగా నిలవదు. అడిగినవారు వాడిన మాటలకూ, వ్యాసాన్ని సూచికలో నమోదు చేసినవారు వాడిన మాటలకూ పొంతన కుదరలేదని మాత్రమే అది చెబుతుంది. ఆ పొంతన కుదర్చడమే డేటాబేసు అన్వేషణలోని అసలు విద్య.

అసలు లేకపోవడానికీ, జాబితాలో కనిపించకపోవడానికీ ఉన్న ఈ తేడాను డేటాబేసులు పుట్టకముందే ఆచరణలో చూపించిన సంపాదకుడు ఈ నేలకు చెందినవారే. సురవరం ప్రతాపరెడ్డి 1896లో జన్మించారు. ఆయన స్వగ్రామం ఇటిక్యాలపాడు నేడు జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది. 1926 మే 10న హైదరాబాదులో గోల్కొండ పత్రికను ప్రారంభించిన ఆయన, 1952 ఎన్నికల్లో వనపర్తి నుంచి హైదరాబాదు రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్న మాట ఒకటి ప్రచారంలోకి వచ్చినప్పుడు, ఆయన వాదనతో సరిపెట్టక ఊరూరి నుంచి కవుల వివరాలు, రచనలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోల్కొండ కవుల సంచికను వెలువరించారు. కవులు అంతకుముందూ ఉన్నారు, రచనలూ ఉన్నాయి. లేనిదల్లా వాటిని ఒకచోట చూపే జాబితా. గద్వాల మీదనో వనపర్తి మీదనో వ్యాసాల కోసం వెతికేవారు మొదట గుర్తుంచుకోవలసిన పరిశోధన సూత్రం ఇదే.

అన్వేషణలోకి దిగేముందు ఏది శాస్త్రీయ వ్యాసమో, ఏది కాదో తెలిసి ఉండాలి. దినపత్రికలో వచ్చిన ప్రత్యేక కథనం ఎంత లోతుగా ఉన్నా అది పరిశోధనకు ముడిసరుకు అవుతుందే తప్ప శాస్త్రీయ వ్యాసం కాదు. శాస్త్రీయ వ్యాసానికి స్పష్టమైన ప్రశ్న, అనుసరించిన పద్ధతి వివరణ, అంతకుముందు వచ్చిన పరిశోధనతో సంవాదం, ఆధారాల పట్టిక ఉంటాయి. అచ్చుకు ముందు అదే రంగంలో పనిచేసే ఇతర పరిశోధకులు దాన్ని చదివి, లోపాలు చూపి, సవరణలు కోరి, యోగ్యమనుకుంటేనే ఆమోదిస్తారు. ఈ తనిఖీని పీర్ రివ్యూ, అంటే సాటి పరిశోధకుల సమీక్ష అంటారు. చాలా డేటాబేసుల్లో ఈ సమీక్ష జరిగే జర్నళ్లకే ఫలితాలను పరిమితం చేసే గడి ఒకటి ఉంటుంది. అయితే అలాంటి జర్నల్‌లో కూడా సంపాదకీయాలు, పుస్తక సమీక్షలు ఉంటాయి కాబట్టి, గడిలో టిక్కు పెట్టినంత మాత్రాన వచ్చిన ప్రతిదీ పరిశోధన వ్యాసమని అనుకోకూడదు.

డేటాబేసుల్లోనూ రకాలున్నాయి. కమ్యూనికేషన్ అండ్ మాస్ మీడియా కంప్లీట్ వంటివి ఈ ఒక్క శాస్త్రానికే కేటాయించినవి. వాటిలో ప్రతి వ్యాసానికీ నిపుణులు నిర్ణయించిన విషయపదాలు జోడించి ఉంటాయి. 1995లో ఏర్పడిన జేస్టోర్ వంటివి అనేక శాస్త్రాల జర్నళ్ల పాత సంచికలను మొదటి సంచిక నుంచి పూర్తి పాఠంతో భద్రపరుస్తాయి. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ వంటివి ఏ వ్యాసాన్ని తరువాత ఎవరెవరు ఉదహరించారో లెక్కగడతాయి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నిర్వహించే శోధగంగ భారతీయ విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల భాండాగారం. సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతిని సమర్పించాలని యూజీసీ 2009 నిబంధనల్లో ఆదేశించిన తరువాత అది లక్షల గ్రంథాలతో పెరిగింది. 2004లో మొదలైన గూగుల్ స్కాలర్ వీటన్నింటి మీదుగా వెతుకుతుంది గానీ, దానిలో విషయపదాల క్రమశిక్షణ ఉండదు, నాసిరకం జర్నళ్లను ఏరివేసే జల్లెడ కూడా ఉండదు. కాబట్టి అది తొలి చూపుకు పనికివస్తుంది, తుది గాలింపుకు చాలదు.

ఈ డేటాబేసుల్లో చాలావాటికి భారీ చందాలు కట్టాలి. మహానగరాల్లోని పెద్ద సంస్థలకే అందుబాటులో ఉన్న ఆ సంపద చిన్న పట్టణాల కళాశాలలకు చేరడం మొన్నమొన్నటి పరిణామం. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదించిన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం, 3 సంవత్సరాలకు 6,000 కోట్ల రూపాయల కేటాయింపుతో, 30 ప్రచురణ సంస్థలకు చెందిన సుమారు 13,000 జర్నళ్లను దేశంలోని 6,300కు పైగా ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకూ, కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలకూ అందించేందుకు ఉద్దేశించింది. 2025 జనవరి 1న అమలులోకి వచ్చిన ఈ పథకంలో కమ్యూనికేషన్ జర్నళ్లను ఎక్కువగా ప్రచురించే సేజ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్, వైలీ సంస్థలు ఉన్నాయి. 2008లో ఏర్పడిన పాలమూరు విశ్వవిద్యాలయమూ, గద్వాలలోని ఎంఏఎల్‌డీ కళాశాల వంటి ప్రభుత్వ డిగ్రీ కళాశాలలూ ప్రభుత్వ సంస్థల కోవకు చెందినవే కాబట్టి, ఈ అందుబాటు కోసం విద్యార్థి చేయవలసిన మొదటి పని కళాశాల గ్రంథాలయాధికారిని కలిసి, సంస్థ నమోదు జరిగిందో లేదో, తన పేరున లాగిన్ ఎలా పొందాలో తెలుసుకోవడం. పథకం పరిధిలోకి రాని కళాశాలల విషయంలో ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి ఎన్‌-లిస్ట్ అనే కార్యక్రమం గురించి విచారించవచ్చు. శోధగంగకు మాత్రం ఏ లాగిన్ అవసరం లేదు. ఎవరైనా, ఎక్కడి నుంచైనా, రుసుము లేకుండా చదువుకోవచ్చు.

అందుబాటు కుదిరిన తరువాత ప్రశ్నను విడగొట్టడం మొదలవుతుంది. ఉదాహరణకు, నిజాం పాలనలో తెలుగు ప్రజాభిప్రాయాన్ని రూపొందించడంలో గోల్కొండ పత్రిక పాత్ర ఏమిటి అనే ప్రశ్నను తీసుకుంటే, ఆ వాక్యాన్ని యథాతథంగా సెర్చ్ బాక్సులో పెట్టడం వల్ల ప్రయోజనం ఉండదు. అందులో పత్రిక, పాలన, భాష, ప్రజాభిప్రాయం అనే నాలుగు భావనలు ఇమిడి ఉన్నాయి. ఒక్కొక్క భావనకు పరిశోధకులు వాడగల పర్యాయపదాలను కాగితంమీద వరుసగా రాసుకుంటే, పత్రిక అన్నచోట న్యూస్‌పేపర్, ప్రెస్, ప్రింట్ మీడియా, జర్నలిజం అనే మాటలూ, ప్రజాభిప్రాయం అన్నచోట పబ్లిక్ ఒపీనియన్, పబ్లిక్ స్ఫియర్ అనే మాటలూ చేరతాయి. పబ్లిక్ స్ఫియర్ అంటే పౌరులు పాలకుల ప్రమేయం లేకుండా సమష్టి విషయాలను చర్చించుకునే వేదిక. చరిత్ర పరిశోధకులు ఇరవయ్యో శతాబ్దపు పత్రికల గురించి రాసేటప్పుడు ఈ పదాన్ని విరివిగా వాడతారు కాబట్టి, ఆ పదం తెలియనివారికి సగం వ్యాసాలు కనిపించకుండా పోతాయి.

విడగొట్టిన మాటలను తిరిగి కలపడానికి డేటాబేసులు ఆండ్, ఆర్, నాట్ అనే మూడు ఇంగ్లీషు మాటలను వాడుకుంటాయి. పంతొమ్మిదో శతాబ్దపు బ్రిటిష్ గణితవేత్త జార్జ్ బూల్ రూపొందించిన తర్కగణితం మీద ఇవి ఆధారపడ్డాయి కాబట్టి వీటిని బూలియన్ సంయోజకాలు అంటారు. ఆండ్ రెండు మాటలూ ఉన్న వ్యాసాలనే ఇచ్చి ఫలితాలను కుదిస్తుంది. ఆర్ రెండింటిలో ఏ ఒక్కటి ఉన్నా సరే తెచ్చి ఫలితాలను పెంచుతుంది. నాట్ అక్కరలేని మాట ఉన్నవాటిని తొలగిస్తుంది. ఒకే భావనకు చెందిన పర్యాయపదాలను ఆర్‌తో కలిపి కుండలీకరణాల్లో ఉంచి, వేర్వేరు భావనల గుంపులను ఆండ్‌తో జోడించడం స్థూలంగా పాటించవలసిన నియమం. నాట్‌ను మాత్రం పొదుపుగా వాడాలి. చీరల వ్యాసాలు వద్దనుకుని గద్వాల వెతుకులాటలో చీర అనే మాటను నాట్‌తో తొలగిస్తే, చేనేత కార్మికుల సమాచార సాధనాల మీద వచ్చిన పనికివచ్చే వ్యాసం కూడా దానితోపాటే కొట్టుకుపోతుంది.

తెలుగు పేర్లు ఇంగ్లీషు లిపిలోకి మారే తీరు ఈ అన్వేషణలో పెద్ద చిక్కు. ప్రతాపరెడ్డి పేరు కొందరి రచనల్లో ప్రతాప రెడ్డి అని, మరికొందరి రచనల్లో ప్రతాప్ రెడ్డి అని ఉంటుంది, ‘త’ అక్షరానికి కొందరు టీ ఒక్కటే రాస్తే మరికొందరు టీహెచ్ రాస్తారు. గోల్కొండలో ఒకచోట కే ఉంటే మరొకచోట సీ ఉంటుంది. వనపర్తి డబ్ల్యూతో మొదలవుతుంది, వీతోనూ మొదలవుతుంది, చివర ఐ వస్తుంది, వై కూడా వస్తుంది. యంత్రానికి ఇవన్నీ వేర్వేరు పేర్లే కాబట్టి, తెలిసిన వర్ణక్రమాలన్నింటినీ ఆర్‌తో కలిపి అడగడం తప్ప మార్గం లేదు. నాగర్‌కర్నూల్ విషయంలో చిక్కు మరో రకంగా ఉంటుంది. దాన్ని రెండు మాటలుగా విడదీసి రాస్తే డేటాబేసు నగర్ అనే మాట ఉన్నవాటినీ కర్నూలు అనే మాట ఉన్నవాటినీ జోడించి, తుంగభద్రకు ఆవల ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న కర్నూలు వ్యాసాలను కుప్పపోస్తుంది. రెండు మాటలనూ ఉద్ధరణ చిహ్నాల మధ్య ఉంచితే అవి పక్కపక్కన ఉన్న వ్యాసాలే వస్తాయి. కలిపి రాసిన రూపాన్ని ఆర్‌తో చేర్చితే గాలింపు పూర్తవుతుంది. గద్వాలకు ఇంగ్లీషు అక్షరాల్లో అతి దగ్గరగా ఉండే పేరు ఉత్తరాఖండ్‌లోని గఢ్వాల్ కాబట్టి, వచ్చిన ఫలితం ఏ ఊరిదో సారాంశం చదివి తేల్చుకోవాలి.

వర్ణక్రమం కంటే లోతైన చిక్కు పరిపాలనా సరిహద్దులది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. అంతకుముందు వచ్చిన పరిశోధనలో ఇవి పట్టణాలుగానో పాత తాలూకాలుగానో, మండలాలుగానో మాత్రమే కనిపిస్తాయి, జిల్లా పేరు మహబూబ్‌నగర్ అని ఉంటుంది. కొందరు రచయితలు పాలమూరు అనే వాడుక పేరునే ఎంచుకుంటారు. 2014 జూన్ 2కు ముందరి వ్యాసాల్లో రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అవుతుంది, 1956కు ముందరి కాలాన్ని చర్చించే వ్యాసాల్లో హైదరాబాదు రాష్ట్రమో నిజాం సంస్థానమో అవుతుంది. నడిగడ్డ సంగతి ఇంకా విశేషం. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల, ఆలంపురం తాలూకాలు 1956 రాష్ట్రాల పునర్విభజన దాకా రాయచూరు జిల్లాలో ఉండి, ఆ జిల్లా మైసూరు రాష్ట్రంలోకి వెళ్లినప్పుడు విడివడి మహబూబ్‌నగర్‌లో కలిశాయి. అందువల్ల సురవరం వారి బాల్యాన్నీ, ఆనాటి ఆ ప్రాంతపు చదువుల స్థితినీ వెతికే పరిశోధకులు రాయచూరు అనే మాటను చేర్చకపోతే ఆ తాలూకాలకు సంబంధించిన పాత సమాచారం వారి కంటపడదు. స్థలం పేరు వెతికేటప్పుడు ఏ కాలపు సరిహద్దుల్లో వెతుకుతున్నామో ముందే నిర్ణయించుకోవాలి.

సమకాలీన విషయాల్లో కీలకపదాల ఎంపిక మరో రకమైన జాగ్రత్త కోరుతుంది. పాలమూరు వలసలను తెలుగు దినపత్రికలు ఎలా చిత్రించాయన్నది ఈ మూడు జిల్లాల విద్యార్థులకు సహజంగా తట్టే అంశం. గుంపు మేస్త్రీల కింద దూరప్రాంతాల ప్రాజెక్టు పనులకు వెళ్లిన పాలమూరు కూలీల గురించి సామాజిక శాస్త్రవేత్తలు చాలాకాలంగా రాస్తున్నారు. అయితే వారు వాడే మాటలు సీజనల్ మైగ్రేషన్, సర్క్యులర్ మైగ్రేషన్, డిస్ట్రెస్ మైగ్రేషన్ వంటివి. మొదటిది పంటకాలాన్ని అనుసరించి పోయిరావడం, రెండవది ఊరికీ పనిచోటుకూ మధ్య పదేపదే తిరగడం, మూడవది బతుకు గడవక తప్పనిసరై వెళ్లడం. ఒక మాటకున్న రూపాలన్నింటినీ ఒకేసారి పట్టడానికి, మాట మొదటి భాగం రాసి చివర నక్షత్రపు గుర్తు పెట్టే సౌకర్యం చాలా డేటాబేసుల్లో ఉంది. దీన్ని ట్రంకేషన్ అంటారు. మైగ్రెంట్, మైగ్రేషన్ రెండూ రావాలని మొదటి ఐదు ఇంగ్లీషు అక్షరాల దగ్గరే మాటను తెగ్గొడితే, వలసకూలీలతో పాటు మైగ్రేన్ తలనొప్పి మీద వైద్య వ్యాసాలు కూడా వచ్చిపడతాయి. ఎక్కడ తెగ్గొట్టాలన్నది రెండు మూడు విధాలుగా వెతికి చూస్తేనే తేలుతుంది.

అలాంటి అంశానికి సిద్ధాంతం కూడా ఒక కీలకపదమే. వార్తాకథనం ఒక సంఘటనలోని కొన్ని అంశాలను ఎత్తిచూపి, మరికొన్నింటిని మరుగుపరచి, పాఠకుడు దాన్ని ఒక ప్రత్యేక కోణంలో అర్థం చేసుకునేలా చేయడాన్ని ఫ్రేమింగ్ అంటారు. రాబర్ట్ ఎంట్‌మన్ 1993లో జర్నల్ ఆఫ్ కమ్యూనికేషన్‌లో ప్రచురించిన వ్యాసం దీనికి ప్రామాణికమైన నిర్వచనాల్లో ఒకటి ఇచ్చింది. పాలమూరు వలసల ఫ్రేమింగ్ అని అడిగితే ఫలితం రాకపోవచ్చు. వలసల వార్తల ఫ్రేమింగ్ అని అడిగితే ప్రపంచమంతటి నుంచి వ్యాసాలు వస్తాయి, పాలమూరు వలసలు అని అడిగితే ఆర్థిక, సామాజిక వ్యాసాలు వస్తాయి. ఈ రెండు వాఙ్మయాలనూ తెచ్చి ఒక అధ్యాయంలో ఎదురెదురుగా నిలపడం పరిశోధకుడి పని. ఆ రెండూ అప్పటికే కలిసిన వ్యాసం దొరకలేదని నిరుత్సాహపడవలసిన అవసరం లేదు.

నాగర్‌కర్నూల్ జిల్లా నల్లమలలోని చెంచు పెంటలకు, అంటే వారి అటవీ ఆవాసాలకు, ఆరోగ్య సమాచారం చేరే తీరును అధ్యయనం చేయదలచినవారికి కాలంతోపాటు మారిన పదజాలం ఎదురవుతుంది. మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1943లో చెంచుల మీద వెలువరించిన గ్రంథం నాటి మానవశాస్త్ర పరిభాషలో ఉంది. తరువాత దశాబ్దాల ప్రభుత్వ నివేదికలు, వ్యాసాలు వారిని ఆదిమ గిరిజన తెగ అన్నాయి. 2006 తరువాత అధికార పరిభాష మారి, ముఖ్యంగా దుర్బలమైన గిరిజన సమూహం అనే అర్థంలో పీవీటీజీ అన్న సంక్షిప్త రూపం స్థిరపడింది. నేటి మర్యాదను పాటిస్తూ రాయడం ఎంత అవసరమో, నిన్నటి సూచికల్లో నిన్నటి మాటతో వెతకడం అంతే అవసరం.

ఒక వ్యాసపు నమోదును దగ్గరగా పరిశీలిస్తే ఈ సూత్రాలన్నీ ఒకచోట కనిపిస్తాయి. భారతీయ భాషా పత్రికల విస్తరణను పరిశోధించిన రాబిన్ జెఫ్రీ, ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో 1997లో భాషల వారీగా ఒక వ్యాసమాల ప్రచురించారు. తెలుగుకు సంబంధించిన వ్యాసం ఆ ఏడాది ఫిబ్రవరి 1 సంచికలో, 32వ సంపుటం 5వ సంచికలో, 192 నుంచి 195 దాకా నాలుగు పుటల్లో ఉంది. తెలుగు పత్రికారంగ ఎదుగుదలమీద పనిచేసేవారు తప్పక చూడవలసిన ఈ వ్యాసపు శీర్షికలో పత్రిక అనే మాట గానీ, ప్రెస్ అనే మాట గానీ లేదు. తెలుగు అన్న పేరు, దాని వెంట ఎదుగుదలకూ వైఫల్యానికీ దోహదపడిన దినుసులు అన్న అర్థం వచ్చే పదబంధం మాత్రమే ఉన్నాయి. కాబట్టి శీర్షికలకే పరిమితమై తెలుగు న్యూస్‌పేపర్ అని వెతికేవారికి ఇది దొరకదు. జేస్టోర్‌లో పూర్తి పాఠం అంతటా వెతికితే దొరుకుతుంది, రచయిత పేరుతో వెతికితే దొరుకుతుంది, పత్రిక పేరునూ సంవత్సరాన్నీ పరిమితులుగా పెట్టినా దొరుకుతుంది. శీర్షిక, రచయిత, విషయపదం, సారాంశం, పూర్తి పాఠం అనే గడుల్లో దేనిలో వెతుకుతున్నామన్నది గమనించకపోవడం వల్ల తప్పిపోయే వ్యాసాలు ఇలాంటివే.

ఒక మంచి వ్యాసం చేతికందితే, దాన్ని పట్టుకుని వెనక్కీ ముందుకూ నడవవచ్చు. వ్యాసం చివరి ఆధారాల పట్టిక అంతకుముందరి పరిశోధనను చూపిస్తుంది. ఉదహరింపుల డేటాబేసు ఆ వ్యాసాన్ని తరువాత వాడుకున్నవారిని చూపిస్తుంది. మెకూంబ్స్, షా అనే ఇద్దరు పరిశోధకులు 1968 అమెరికా అధ్యక్ష ఎన్నికల వేళ చాపెల్ హిల్ పట్టణంలో ఎవరికి ఓటు వేయాలో తేల్చుకోని 100 మంది ఓటర్లను ప్రశ్నించి, వార్తామాధ్యమాలు ప్రాధాన్యమిచ్చిన అంశాలే ఓటర్లకూ ముఖ్యమైన అంశాలుగా తోచాయని 1972లో పబ్లిక్ ఒపీనియన్ క్వార్టర్లీలో ప్రకటించారు. ఎజెండా సెట్టింగ్, అంటే దేని గురించి ఆలోచించాలో మాధ్యమాలు నిర్ణయించడం అనే సిద్ధాంతం ఆ వ్యాసంతో స్థిరపడింది. దాన్ని ఉదహరించిన వ్యాసాలు వేలల్లో ఉన్నా, ఆ ఫలితాల లోపల తెలుగు అనో ఆంధ్రప్రదేశ్ అనో తెలంగాణ అనో మళ్లీ వెతికితే, ఆ సిద్ధాంతాన్ని ఇక్కడి పత్రికలకు, ఇక్కడి ఎన్నికలకు అన్వయించిన కొద్ది వ్యాసాలు విడిగా బయటపడతాయి. పేర్ల వర్ణక్రమాలతో కుస్తీ పట్టకుండానే స్థానిక పరిశోధనను చేరుకోవడానికి ఇది దగ్గరి దారి.

నమోదు కనిపించి పూర్తి పాఠం తెరుచుకోకపోతే, వ్యాసానికి కేటాయించిన డీఓఐ అనే శాశ్వత సంఖ్యను రాసుకుని, అదే వ్యాసం మరో డేటాబేసులోనో, రచయిత పనిచేసే విశ్వవిద్యాలయపు భాండాగారంలోనో ఉందేమో చూడాలి. కొన్ని జర్నళ్ల విషయంలో జేస్టోర్ ఇటీవలి కొన్నేళ్ల సంచికలను వెంటనే ఇవ్వదు, కాలం గడిచేకొద్దీ జరుగుతూ పోయే ఈ అవధిని మూవింగ్ వాల్ అంటారు. ఆ కొన్నేళ్ల వ్యాసాలకు ప్రచురణ సంస్థ సైటుకే వెళ్లాలి. చందా లేని పాఠకులకు కూడా జేస్టోర్ ఉచిత ఖాతా మీద నెలకు కొన్ని వ్యాసాలు తెరమీద చదువుకునే వీలు కల్పించింది. ఇవేవీ ఫలించనప్పుడు రచయితకు మర్యాదగా ఒక ఈమెయిల్ రాసి ప్రతి అడగడం పరిశోధకుల లోకంలో తప్పుగా భావించని పద్ధతి.

దొరికిన ప్రతి వ్యాసమూ నమ్మదగినది కాదు. రుసుము తీసుకుని, సమీక్ష జరిగినట్టు చూపి, రోజుల వ్యవధిలో ఏదైనా ప్రచురించే జర్నళ్లు పెరిగినందువల్ల యూజీసీ 2018లో కేర్ అనే పేరుతో ఆమోదిత జర్నళ్ల జాబితా ఏర్పాటును ప్రకటించింది. 2025 ఫిబ్రవరిలో ఆ జాబితాను నిలిపివేస్తున్నట్టు తెలిపి, జర్నళ్ల యోగ్యతను నిర్ణయించే బాధ్యతను సంస్థలకూ పరిశోధకులకూ వదిలింది. కాబట్టి సంపాదకవర్గంలో ఉన్నవారు నిజంగా ఆ రంగంలో పనిచేసేవారేనా, వ్యాసం అందిన తేదీకీ ఆమోదించిన తేదీకీ మధ్య సమీక్షకు తగిన వ్యవధి ఉందా, కమ్యూనికేషన్ జర్నల్ అని చెప్పుకుంటూ ఇంజనీరింగ్ నుంచి ఆయుర్వేదం దాకా అన్నీ వేస్తున్నదా అన్న మూడు సంగతులు విద్యార్థి స్వయంగా చూసుకోవాలి.

తెలుగులో వచ్చిన పరిశోధన ఈ అంతర్జాతీయ డేటాబేసుల్లో నమోదయ్యేది చాలా తక్కువ. ఆ లోటు పూడ్చుకోవడానికి సిద్ధాంత గ్రంథాల వైపు వెళ్లాలి. 1954లో జర్నలిజం శాఖను ప్రారంభించిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ, 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయంలోనూ ఇలాంటి అంశాల మీద జరిగిన పరిశోధనను శోధగంగలోనూ, ఆయా గ్రంథాలయాల జాబితాల్లోనూ వెతకాలి. 2025లో తెలంగాణ శాసనసభ సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టిన విశ్వవిద్యాలయం ఈ రెండవదే. శోధగంగలో తెలుగు గ్రంథాల శీర్షికలు కొన్ని తెలుగు లిపిలో, కొన్ని ఇంగ్లీషు లిపిలో నమోదై ఉండవచ్చు కాబట్టి రెండు లిపుల్లోనూ వెతకాలి. ఇక గోల్కొండ పత్రిక పాత సంచికలు మూలాధారాలు, వాటిని విశ్లేషించిన వ్యాసాలు ద్వితీయాధారాలు. డేటాబేసులు ప్రధానంగా ద్వితీయాధారాలను ఇస్తాయి. మూలాధారాల కోసం హైదరాబాదులోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం, 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం వంటి గ్రంథాలయాలకు స్వయంగా వెళ్లి అడగాలి.

ఇంత గాలింపులో ఏ రోజు, ఏ డేటాబేసులో, ఏ మాటలతో, ఏ పరిమితులతో వెతికితే ఎన్ని ఫలితాలు వచ్చాయో ఒక నోట్‌బుక్‌లో వరుసగా రాసుకునే అలవాటు పరిశోధకుడికి రెండు విధాలుగా మేలు చేస్తుంది. చేసిన వెతుకులాటే మళ్లీ చేయవలసిన శ్రమ తప్పుతుంది. అంతకుమించి, వర్ణక్రమాలన్నీ, పాత జిల్లా పేర్లన్నీ, పర్యాయపదాలన్నీ ప్రయత్నించిన తరువాత కూడా ఫలితం సున్నా అని తేలితే, ఆ సున్నా ఊహ స్థాయిని దాటి ఆధారంగా నిలుస్తుంది. ఈ అంశం మీద పరిశోధన జరగలేదని సిద్ధాంత గ్రంథపు మొదటి అధ్యాయంలో నిర్భయంగా రాయగల హక్కు ఆ నోట్‌బుక్ ఉన్నవారిదే.

ఆ హక్కుతోపాటు ఒక బాధ్యత కూడా వస్తుంది. ఖాళీని గుర్తించి దాన్ని పూరించే వ్యాసం రాసినవారు, తమ శీర్షికలో స్థలం పేరును స్పష్టంగా పేర్కొని, సారాంశంలో పాత జిల్లా పేరునూ కొత్త జిల్లా పేరునూ రెండింటినీ వాడి, తెలుగులో రాసినా ఇంగ్లీషు సారాంశం జతచేసి, కీలకపదాలను తమ శాస్త్రంలో స్థిరపడిన పరిభాష నుంచి ఎంచుకోవాలి. సూచికలో వ్యాసం ఏ మాటల కింద చేరుతుందన్నది చాలావరకు రచయిత ఇచ్చిన ఈ నాలుగైదు వాక్యాల మీదనే ఆధారపడి ఉంటుంది. వాటిని అశ్రద్ధగా రాసిన మంచి వ్యాసం కంటే శ్రద్ధగా రాసిన మామూలు వ్యాసమే తరువాతి తరం విద్యార్థికి ముందుగా దొరుకుతుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ కళాశాలల్లో చిన్న ప్రాజెక్టు నివేదిక రాసే డిగ్రీ విద్యార్థి మొదలుకొని పీహెచ్‌డీ పరిశోధకుడి వరకు అందరూ ఈ శ్రద్ధను మొదటి రచన నుంచే అలవరచుకుంటే, మరో పదేళ్లకు ఈ ప్రాంతం గురించి డేటాబేసును అడిగేవారికి ఇంత శ్రమ లేకుండానే జవాబు దొరుకుతుంది.